దణ్ణం పెట్టేంతసేపు ఆగిన గేరు

మా వెంకటగిరి నుంచి చెన్నై వెళ్లేవాళ్లకు సాధారణంగా రెండే కారణాలుంటాయి. ఒకటి కళ్లాసుపత్రి, రెండోది పెళ్లి చీరలు. చీరలు నేసే ఊళ్లో ఉండి చీరల కోసం అంతదూరం ఎందుకు వెళ్తారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం కారు నడపడానికి వెళ్లాను.

మా అక్క కూతురు వసుధ అక్కడ ఒక కార్ల కంపెనీలో పనిచేస్తుంది. ఆటోమేటిక్ కార్లలో గేర్లు మనం మార్చం, కారే మార్చుకుంటుంది. ఎప్పుడు ఏ గేరు వేసుకోవాలో దానికి ముందుగా నేర్పిపెట్టేది వసుధ, ఆమె బృందమూ. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా ఈ మాట విని, "అయితే ఉద్యోగం ఏమిటి?" అని అడిగారు.

ఒకరోజు ఫోన్ చేసింది. "పిన్నీ, మా కంపెనీ డ్రైవర్లు మరీ బాగా నడిపేస్తున్నారు. మామూలుగా నడిపేవాళ్లు కావాలి. నాలుగు రోజులు రాగలవా?"

ఇది పొగడ్తో కాదో ఆలోచించకుండా సరేనన్నాను. మా ఇంటాయనకు కంట్లో శుక్లాలు వచ్చినప్పటి నుంచి కారు నేనే నడుపుతున్నాను. నేను బడికి వెళ్లలేదు. పద్యాలు, లెక్కలు మా నాన్న దగ్గర, డ్రైవింగు మా ఆయన దగ్గర, అన్నీ ఇంటిపట్టునే నేర్చుకున్నాను. నేర్పినవాళ్లు ఇద్దరూ ఓపికమంతులు కావడం నా అదృష్టం.

ఆ వారం చివర్లో కంపెనీ పెద్దసారు స్వయంగా కారు నడిపి చూస్తారట. నచ్చితే వసుధ వాళ్ల గేర్‌బాక్సే ఆ కారుకు ఖాయం. నచ్చకపోతే బయట తయారుగా దొరికేది కొంటారు, వీళ్ల బృందంలోవాళ్లను తలా ఒక విభాగానికి పంపేస్తారు. వసుధకు వైపర్ల విభాగం అనుకుంటున్నారని విన్నదట. నాలుగేళ్ల కష్టం. "వానాకాలం పని ఉంటుందిలే" అని ఓదార్చాను.

రైల్లో నా పక్కన మునక్కాయల కట్టతో ఒకావిడ కూర్చుంది. "కంటికా?" అంది.

"కాదమ్మా, కారు నడపడానికి."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "కళ్లు బాగానే ఉన్నాయి గదా మరి?" అని నిర్ధారణ చేసుకుంది. దిగేటప్పుడు రెండు మునక్కాయలు చేతిలో పెట్టి పోయింది. ఆ రాత్రి పులుసులో వేసుకున్నాం. ఆమె చల్లగా ఉండాలి.

మైలాపూరు: ముగ్గుల కారు

వసుధ అద్దెకుండే ఇల్లు మైలాపూరులో. వంటింటి కిటికీలోంచి వంతెన మీద పోయే రైలు కనిపిస్తుంది. తెల్లవారగానే స్నానం చేసి గుడికి వెళ్లి, క్షేమంగా చేర్చినందుకు దణ్ణం పెట్టుకుని వచ్చాను. గుడి బయట మల్లెపూలు మూర యాభై. మా ఊళ్లో ముప్పై. పైగా పూలమ్మే ఆమె మూర మా ఊరి మూరకంటే పొట్టి. ఆ మాటే అంటే, "నా చెయ్యి ఇంతే అమ్మా, దేవుడిచ్చింది" అని తమిళంలో చెప్పింది. దేవుడి పేరు వచ్చాక బేరం కుదరదు. కొన్నాను.

కాఫీ మాత్రం మనకంటే మేలు. గిన్నెలో గ్లాసు పెట్టి ఇస్తారు, గ్లాసులో సగం నురగ. ఇడ్లీ మీద సాంబారు పోసే పద్ధతి వేరు. మనం ఇడ్లీకి తగినంత వేసుకుంటాం, వాళ్లు సాంబారుకు తగినన్ని ఇడ్లీలు వేస్తారు.

తొమ్మిదింటికి కారు వచ్చింది. కొత్త మోడలు కాబట్టి దాని ఆకారం ఎవరికీ తెలియకూడదని ఒళ్లంతా నలుపు తెలుపు మెలికల కాగితం అంటించారు. జ్వరంలో ఎవరో పెట్టిన ముగ్గులా ఉంది. ఎవరూ గమనించకూడదని చేసిన ఆ ఏర్పాటు పుణ్యమా అని వీధిలో ప్రతివాళ్లూ ఆగి చూశారు. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, చుక్కలు ఎన్నని అడిగాడు.

కారు తెచ్చినది దేవరాజులు. కంపెనీలో కార్లు నడిపి పరీక్షించే డ్రైవర్లలో పాతకాపు. నా పక్కన కూర్చుని దారి చెప్పడం ఆయన పని. వెనక సీట్లో కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని వసుధ.

"నమస్కారం అమ్మా. మాది చింతాద్రిపేట. ఎన్నో తరాలుగా ఈడనే ఉండాము. నేను తెలుగులో అడిగితే నా బిడ్డలు తమిళంలో జవాబిస్తారు. మీతో అయినా నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చునని నేనే అడిగి వచ్చినాను."

కారుకు పసుపు కుంకుమ పెట్టలేదేమని అడిగాను. కంపెనీ ఒప్పుకోదని వసుధ చెప్పింది. దేవరాజులు బానెట్ ఎత్తి చూపించాడు. లోపల ఒక మూల చిన్న కుంకుమ బొట్టు ఉంది. వసుధ దాన్ని నాలుగేళ్లలో మొదటిసారి చూసిందట.

ఆటోమేటిక్ కారులో క్లచ్ ఉండదు. ఈ సంగతి నాకు తెలుసు, నా ఎడమ కాలికి తెలియదు. మొదటి మలుపులోనే అది క్లచ్ కోసం వెతికి, దొరికిన బ్రేకును బలంగా తొక్కింది. ముగ్గురం ముందుకు వంగి లేచాం.

"ఆ కాలికి ఈడ పని లేదమ్మా. సుమ్మా, ఊరికే ఉండనీండి" అన్నాడు దేవరాజులు.

"అది ఉండదు నాయనా, అలవాటు."

"అయితే మడిచి కూర్చోండి."

అలాగే మడిచి కూర్చున్నాను. పూజకు కూర్చున్నట్టే ఉంది, హాయిగా.

చింతాద్రిపేట: ఊదుగొట్టం

చింతాద్రిపేట ఒకప్పుడు నేతగాళ్ల పేట. నాకు మా ఊరే అనిపిస్తుందనుకున్నాను. "మగ్గాలెక్కడ?" అంటే దేవరాజులు నవ్వాడు. "మగ్గాలా? మా తాత గూడా చూసినాడో లేదో." ఇప్పుడు మోటారు సామాన్ల కొట్లు, చేపల బేరాలు, పక్కన కూవం నది వాసన. వీధులు ఇరుకు. అడుగుకొక గుడి, అడుగుకొక అరుగు, మధ్యలో ఆటోలు.

అక్కడే కారు తిక్క మొదలైంది. బాగానే పోతూ పోతూ ఉన్నట్టుండి నీరసపడేది. నేను ఆక్సిలరేటర్ ఇంకాస్త తొక్కితే క్షణం పలకదు. ఇంకా తొక్కితే ఒక్క గెంతు గెంతేది.

"పిన్నీ, ఇప్పుడేం చేశావ్?" వెనకనుంచి వసుధ.

"ఏం చెయ్యలేదే."

నాలుగు అంగళ్లు దాటాక మళ్లీ గెంతు.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఏం చెయ్యలేదు."

వసుధ గొంతులో దిగులు తెలిసిపోయింది. ఇన్ని నెలలు ఏ డ్రైవరు చేతిలోనూ ఇలా గెంతలేదట. రెండు రోజుల్లో పెద్దసారు వస్తారు. ఇదే ఆయన చేతిలో జరిగితే ఇక మాట్లాడేదేమీ లేదు.

ఒక కొట్టు ముందు నీడలో కారు ఆపించి, లోపలి సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఈ కారులో ఇంజను చిన్నది. పెట్రోలు తక్కువ తాగాలని చిన్నది పెట్టారు. బలం చాలదు గనుక దానికి గాలి ఊదే పంకా ఒకటి తగిలించారు, అదే టర్బో. ఇంజను వదిలే పొగ తోస్తేనే ఆ పంకా తిరుగుతుంది. మనం కాలెత్తితే పొగ తగ్గి పంకా వాలిపోతుంది. మళ్లీ తొక్కినా అది పుంజుకోవడానికి కాస్త సమయం కావాలి.

"ఊదుగొట్టం" అన్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో కట్టెల పొయ్యి. ఊపిరి తీసుకోవడానికి ఊదడం ఆపితే మంట వాలిపోయేది, మళ్లీ లేవడానికి కాసేపు పట్టేది.

"అదే. పాతకాలపు పెద్ద ఇంజన్లయితే పెద్ద గేరులో ఉన్నా లాక్కుపోతాయి. వీటిని సరైన గేరులో ఉంచకపోతే గాలీ ఉండదు, గేరూ ఉండదు. అందుకే ఈ చిన్న ఇంజన్లకు గేర్‌బాక్సును కొత్తగా ఆలోచించాలి. మా గోలంతా అదే పిన్నీ."

కూతురి వయసు పిల్ల ఇంత ఓపికగా చెప్పిందని సంతోషించాను. గెంతు మాత్రం ఎందుకో ముగ్గురికీ తెలియలేదు.

వ్యాసర్పాడి: ట్యాంకరు

అక్కణ్ణుంచి వ్యాసర్పాడి. రైలు పట్టాలు, గూడ్సు పెట్టెలు, పట్టాల కింద నుంచి దిగి ఎక్కే రోడ్డు. కారును అలాంటి ఎత్తుపల్లాల్లో, రద్దీలో నడిపి చూడాలట. మా ముందు నీళ్ల ట్యాంకరు ఒకటి నత్తలా ఎక్కుతోంది. ఎత్తు ముగిసి చదును తగిలే చోట, ఎడమవైపు, వేపాకులు కట్టిన చిన్న అమ్మవారి గుడి.

కారు నీరసపడింది. తొక్కాను. పలకలేదు. గట్టిగా తొక్కాను.

"పాత్తు, పాత్తు!" అని దేవరాజులు అరిచాడు. చూసుకోమని తమిళంలో అరవడానికి మాత్రం ఆయనకు తెలుగు అడ్డం రాలేదు.

కారు ట్యాంకరు మీదికి ఒక్క దూకు దూకింది. బ్రేకు వేశాను. ఆగింది. ట్యాంకరు కొళాయి నుంచి కారే నీళ్లు మా బానెట్ మీద టపటపా పడుతున్నాయి. అంత దగ్గర.

ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మవారికి వెంటనే దణ్ణం పెట్టుకున్నాను.

దేవరాజులు నా చేతికేసి చూసి, తర్వాత నా కాలికేసి చూశాడు. "అమ్మా," అన్నాడు మెల్లగా, "ఇందాక కూడా దణ్ణం పెట్టుకున్నారు గదా, ఎక్కేటప్పుడు?"

"పెట్టుకునే ఉంటాను."

"చింతాద్రిపేటలో?"

నాకు గుర్తులేదు. గుడి కనిపిస్తే చెయ్యి గుండెకు పోవడం నేను చేసే పని కాదు, అదే పోతుంది. చేతితోపాటు కాలు కూడా లేస్తుందని నాకు ఆ రోజు వరకు తెలియదు. ఇన్నేళ్లు నడిపిన మా కారులో నేను వేస్తే తప్ప గేరు మారదు గనుక తెలిసే అవకాశమూ రాలేదు.

పక్కన టీ కొట్టు దగ్గర ఆగాం. వసుధ కంప్యూటరులో గీతలు వెనక్కి తిప్పి చూసింది. గుడి వచ్చిన ప్రతిచోటా నా కాలు లేచింది. ఇక వేగం అక్కర్లేదు కాబోలనుకుని కారు పెద్ద గేరుకు మారిపోయింది. ఈలోపు పంకా వాలిపోయింది. దణ్ణం ముగించి నేను తొక్కేసరికి గాలి లేదు, గేరు తప్పు. గేరు దించుకుని, గాలి పుంజుకుని, రెండూ ఒకేసారి వచ్చి గెంతు.

"మరి మీరెవరూ దణ్ణం పెట్టరా?" అని దేవరాజుల్ని అడిగింది వసుధ.

"ఎందుకు పెట్టము? మా బండిలో పోతే పెడతాము. ఆఫీసు బండిలో పెట్టము. డ్యూటీ గదమ్మా."

మిగతా డ్రైవర్లూ అంతేనట. ఒకాయన డ్యూటీ అయ్యాక స్కూటరు మీద వచ్చి, దాటేసిన గుళ్లన్నిటికీ కలిపి ఒకేసారి పెట్టుకుని పోతాడట. అంత భక్తులు, అంత నిజాయితీపరులు. అందుకే ఈ లోపం ఎన్ని నెలలు వెతికినా దొరకలేదు.

"ఈ ఒక్క ఓటం లెక్కలోంచి తీసేయండమ్మా" అన్నాడు దేవరాజులు టీ గ్లాసు కింద పెడుతూ. మేము నడిపిన ఆ విడతను ఆయన అలా అంటాడు. "పెద్దసారు గుళ్లకు మొక్కే మనిషి గాదు. ఆయన చేతిలో గెంతదు. ఎవరికి తెలస్తాది?"

"నేను రేపు ఊరికి వెళ్లిపోతానే" అన్నాను నేను. "మామూలుగా నడిపేవాళ్లు ఇంకెవరైనా దొరుకుతారు."

వసుధ చాలాసేపు బానెట్ మీద నీటి మరకను చూస్తూ కూర్చుంది. "ట్యాంకరు బదులు స్కూటరు ఉంటే?" అంది. "రేపు ఎక్కడికీ వెళ్లకు పిన్నీ. నీతో పనుంది."

టీ కొట్టామె ఈ మాటలన్నీ విని, దేవరాజుల్ని అడిగి తెలుసుకుని, నా టీకి డబ్బులు తీసుకోలేదు. ఆ అమ్మవారి గుడి వాళ్లదేనట.

మళ్లీ మైలాపూరు: ఎవరికెంత

మర్నాడంతా కారు వీధిలోనే నిలబడి ఉంది. వసుధ సోఫాలో, నేను కింద చాప మీద.

"పిన్నీ, ఒక దణ్ణానికి ఎంతసేపు పడుతుంది?"

"దేవుణ్ణి బట్టి ఉంటుందమ్మా."

ఆమె నవ్వలేదు. రాసుకోవడానికి సిద్ధంగా ఉంది. కాబట్టి నేనూ సరిగానే చెప్పాను. వినాయకుడికి తక్కువ, దారి పొడుగునా ఉంటాడు గనుక. అమ్మవారికి కాస్త ఎక్కువ. వెంకటేశ్వరస్వామికి పిల్లల పేర్లన్నీ చెప్పుకోవాలి.

"ఎంతమంది పిల్లలు?"

"నిన్ను కలుపుకుని ఏడుగురు."

ఆ ఏడు పేర్లు చెప్పేంతసేపు గేరు మారకుండా ఆగాలని ఆమె తేల్చింది. అయితే ఆగినంతసేపూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పెద్దసారుకు పెట్రోలు లెక్కే ముఖ్యం. అందుకని ఇరుకులో మెల్లగా పోతున్నప్పుడు మాత్రమే ఆగేటట్టు, పెద్దరోడ్డు ఎక్కితే ఆగకుండా పైగేరుకు పోయేటట్టు ఏర్పాటు చేసింది. "పెద్దరోడ్డు మీద దేవుళ్లు ఏమనుకుంటారు?" అన్నాను. "వేగంలో ఊపు ఉంటుంది పిన్నీ, గెంతదు" అంది.

సాయంత్రం పెద్దసారుకు ఫోన్ చేసి, దొరికిన లోపం, చేసిన మార్పు, పెరిగిన పెట్రోలు ఖర్చు, అన్నీ దాచకుండా చెప్పింది. ఆయన మాటలు పక్క గదిలో ఉన్న నాకూ వినిపించాయి. అలా కాలెత్తే మనిషి మీ పిన్ని ఒక్కరే అయి ఉంటుంది, ఒక్కరి కోసం అందరి పెట్రోలూ తగలేస్తామా, అని. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. దీపం పెట్టి, మంచి జరగాలని మాత్రమే అడిగాను. ఏది మంచో ఆయనకే వదిలేశాను, పెద్దసారుకు కాదు, పైవాడికి.

చివరి రోజు: పెద్దసారు

పెద్దసారు తమిళాయన, సన్నగా, ఇస్త్రీ చొక్కాతో ఉన్నారు. కాలెత్తే మనిషి ఎలా ఉంటుందో చూడాలని నన్నూ రమ్మన్నారు. ఆయన డ్రైవరు సీట్లో, దేవరాజులు పక్కన, వసుధా నేనూ వెనక. వసుధ చేసిన మార్పు కారులో ఉంది. అది అవసరమని ఈరోజు తేలకపోతే, పెట్రోలు ఎక్కువ తాగే గేర్‌బాక్సని మాత్రమే మిగులుతుంది.

మైలాపూరులో ఇన్ని గుళ్లు దాటుతూ ఒక్కసారి కూడా కాలెత్తని మనిషిని నేను చూడడం అదే మొదలు. ఆయన వంతుకు కూడా నేనే వెనక సీట్లోంచి పెట్టుకుంటూ వచ్చాను. చింతాద్రిపేటలోనూ అంతే. కారు నూనె పూసినట్టు పోతోంది. అంత బాగా పోతుంటే వసుధ ముఖం అంతకంతకు వాడిపోతోంది.

"మీ మార్పు ఎక్కడా పని చేసినట్టు లేదే?" అన్నారాయన అద్దంలోంచి.

"అవకాశం రాలేదు సార్."

"అదే నేను చెప్పింది."

వ్యాసర్పాడిలో పట్టాల కింద దిగి పైకెక్కుతుంటే డప్పులు వినిపించాయి. ఎదురుగా ఒక శవయాత్ర వస్తోంది. ముందు కుర్రాళ్లు గంతులేస్తున్నారు, రోడ్డంతా బంతిపూలు చల్లుతున్నారు. పూల పల్లకిలో ఒక ముసలామెను కూర్చోబెట్టారు. కళ్లజోడు అలాగే ఉంచారు. ఏదో ఆలోచిస్తున్నట్టుంది. మా ఊళ్లో అయితే పడుకోబెట్టి మౌనంగా తీసుకుపోతాం. ఇక్కడ పెళ్లికూతుర్ని సాగనంపినట్టు పంపుతారు. నారాయణ అనుకున్నాను.

ఆమె మా పక్కగా దాటిపోయింది. దారి దొరికింది. కారు చదును ఎక్కి, ట్యాంకరు ఆగిన ఆ చోటు దాటి, మెత్తగా ముందుకు సాగింది.

వసుధ నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.

కొంచెం దూరం పోయాక పెద్దసారు కారు పక్కకు తీసి ఆపారు. "సరే. దారి అయిపోయింది. నాకేమీ తెలియలేదు. మీ మార్పు పనిచేయడం నేను చూడలేదు."

"ఇప్పుడే పనిచేసింది సార్."

"ఎప్పుడు?"

"ఆ ఊరేగింపు దగ్గర. మీరు కాలెత్తారు."

"నేను ఎత్తలేదు."

వసుధ కంప్యూటరు ఆయన వైపు తిప్పింది. ఆయన చాలాసేపు ఆ గీత చూశారు. తర్వాత దేవరాజుల్ని చూశారు.

"చెయ్యి గూడా ఎత్తినారు సార్," అన్నాడు దేవరాజులు, రోడ్డు వైపు చూస్తూ. "గుండె మీద పెట్టుకున్నారు."

ఆయన తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నారు. తల తిప్పి వెనక అద్దంలోంచి రోడ్డు చూశారు. ఊరేగింపు పట్టాల కిందికి దిగిపోయింది. డప్పులు మాత్రం వినిపిస్తున్నాయి. ఆయన దిగి, వెనక సీటు తలుపు తీసి, తాళం నా చేతికిచ్చి నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నారు. తిరుగుదారి అంతా నేనే నడిపాను. నాకు కనిపించిన గుళ్లన్నిటికీ దణ్ణం పెట్టాను. గేరు ఎక్కడికక్కడ ఆగింది.

వెంకటగిరి

ఊరు చేరిన వారానికి వసుధ ఫోన్ చేసింది. గేర్‌బాక్సు వాళ్లదే ఖాయమైంది. పెట్రోలు లెక్క ఇంకో చోట సర్దుకోమన్నారట పెద్దసారు. ఫోనులో ఏడుస్తూ నాకు కృతజ్ఞతలు చెప్పింది. నాకు కాదని చెప్పాను.

శుక్రవారం గుడికి వెళ్లి మోక్షదీపం పెట్టించాను. పూజారి పేరు, గోత్రం అడిగారు. రెండూ తెలియవన్నాను.

"పోయినవారు మీకేమవుతారమ్మా?"

"ఏమీ కారండీ. మా వసుధకు మేలు చేసింది. కళ్లజోడు పెట్టుకుంటుంది."

ఆయన ప్రమిదలో ఇంకాస్త నూనె పోసి వెలిగించారు.